జాలీనూస్ గ్రంథాలు అచ్చుకెక్కిన వేళ

మన ఇళ్లలో జలుబు చేసినప్పుడు పెద్దలు జోషాందా కాచి ఇస్తారు. అదేమిటని పిల్లలు అడిగితే ‘యూనానీ మందు’ అని చెబుతారు. హైదరాబాదులో చార్మినారు దగ్గర నిజామియా తిబ్బీ కళాశాల, దానికి అనుబంధంగా వైద్యశాల ఉన్నాయి. అక్కడ బోధించేది కూడా యూనానీ వైద్యమే. యూనాన్ అంటే గ్రీసు దేశం. బాగ్దాదు మొదలుకొని ఢిల్లీ, హైదరాబాదుల దాకా ఎన్నో తరాల ముస్లిం వైద్యులు ఈ శాస్త్రాన్ని చదివారు, సరిదిద్దారు, పెంచారు. మన దేశపు మూలికలను కూడా అందులో చేర్చారు. అయినా మన హకీములు దానికి తమ పేరు పెట్టుకోలేదు. మూలం ఎవరిదో వారి పేరునే దానికి ఉంచారు.

ఈ పేరులో ఉన్న నిజాయితీ విలువ తెలియాలంటే, ఐదు వందల ఏళ్ల క్రితం ఐరోపాలో అచ్చయిన కొన్ని వైద్య గ్రంథాల చరిత్ర తెలుసుకోవాలి. అవి ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథాలూ, వాటి లాటిన్ అనువాదాలూ. ఐరోపావారు పునరుజ్జీవన యుగమని పిలుచుకునే కాలంలో అవి వెలువడ్డాయి. ఆ కాలపు పండితులలో చాలామంది తాము అరబ్బుల చేతిలో చెడిపోయిన వైద్యాన్ని తిరిగి గ్రీకు ఊట దగ్గరికి తీసుకువెళుతున్నామని నమ్మారు. వారు చేసిన పనిలో గొప్పతనం ఉంది, కృతఘ్నత కూడా ఉంది. రెండింటినీ విడివిడిగా చూడటం న్యాయం.

గ్రీకు వైద్యులలో ఇద్దరి పేర్లు ప్రధానమైనవి. ఒకరు క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో కోస్ ద్వీపంలో పుట్టిన హిపోక్రటీస్. అరబ్బీ గ్రంథాలలో ఆయన పేరు బుఖ్రాత్. రెండోవారు క్రీ.శ. 129లో పెర్గమన్ నగరంలో, అంటే నేటి తుర్కియేలోని బెర్గమాలో, పుట్టి రోము చక్రవర్తులకు వైద్యం చేసిన గాలెన్. ఆయనను మనవారు జాలీనూస్ అన్నారు. రోములో నివసించినా ఆయన రాసినదంతా గ్రీకులోనే. రోము సామ్రాజ్యపు పశ్చిమ భాగం కూలిపోయాక ఆ ప్రాంతంలో గ్రీకు చదవగలిగినవారు అరుదైపోయారు. కొద్దిపాటి లాటిన్ చిత్తుప్రతులు తప్ప ఆ వైద్య సాహిత్యం పశ్చిమ ఐరోపాకు కొన్ని శతాబ్దాలపాటు అందలేదు. తూర్పున మాత్రం అది చదువుబడుతూనే ఉంది.

అబ్బాసీ ఖలీఫాల బాగ్దాదులో ఆ సాహిత్యాన్ని అరబ్బీలోకి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు హునైన్ బిన్ ఇస్‌హాఖ్. ఆయన హీరా పట్టణానికి చెందిన క్రైస్తవుడు. ఈ మాట దాచవలసిన అవసరం ఏమీ లేదు. విద్య ఎవరి దగ్గర ఉంటే వారిని గౌరవించి పిలిపించడం ఆనాటి ముస్లిం పాలకులకూ ధనవంతులకూ సహజంగా ఉండేది. బనూ మూసా సోదరులు అనువాదకుల కోసం నెలకు ఐదు వందల దీనార్లు ఖర్చు చేసేవారని చరిత్రకారులు రాశారు. ఒకసారి ఖలీఫా ముతవక్కిల్ హునైన్‌ను పరీక్షించదలచి, ఒక శత్రువును చంపడానికి విషం తయారు చేయమన్నాడట. తాను నేర్చింది మేలు చేసే మందులే తప్ప మరొకటి కాదని ఆయన నిరాకరించాడు. చెరసాలలో పెట్టినా మాట మార్చలేదు. తన మతమూ, తన వృత్తీ రెండూ దానికి ఒప్పుకోవని చెప్పాడని ఇబ్నె అబీ ఉసైబిఆ తన వైద్యుల చరిత్రలో నమోదు చేశారు.

హునైన్ తన అనువాదాల గురించి ఒక లేఖ రాశాడు. జాలీనూస్ గ్రంథాలు 129ని వరుసగా పేర్కొని, ఏది ఎవరు సిరియాక్ భాషలోకి తెచ్చారో, ఏది ఎవరు అరబ్బీ చేశారో, ఏ అనువాదం బాగుందో, ఏది బాగాలేదో అందులో వివరించాడు. ఒక గ్రంథం గురించి ఆయన చెప్పినది వినదగినది. ఇరవై ఏళ్ల వయసులో చాలా లోపాలున్న ఒకే ఒక్క గ్రీకు ప్రతి నుంచి దానిని అనువదించాడు. నలభయ్యో ఏట శిష్యుడు హుబైష్ దానిని సరిచేయమని కోరాడు. అప్పటికి ఆయన దగ్గర ఆ గ్రంథానికి అనేక గ్రీకు ప్రతులు పోగయ్యాయి. వాటిని ఒకదానితో ఒకటి పోల్చి, ముందుగా ఒక సరైన గ్రీకు ప్రతిని సిద్ధం చేసుకున్నాడు. ఆ తరువాతే తన పాత అనువాదాన్ని దానితో వాక్యం వాక్యం సరిచూసి దిద్దాడు. నేను ఏది అనువదించినా ఇదే నా అలవాటు అన్నాడు. జాలీనూస్ రాసిన తర్కశాస్త్ర గ్రంథం ఒకదాని కోసం ఇరాఖ్, షామ్, ఫలస్తీన్, ఈజిప్టు దేశాలు తిరిగి అలెగ్జాండ్రియా దాకా వెళ్లాడు. చివరకు దమిష్కులో అందులో దాదాపు సగం మాత్రం, అదీ వరుస తప్పిన స్థితిలో, దొరికింది.

మదరసాలలో హదీసు శాస్త్రం చదివినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. హునైన్ హిజ్రీ 260లో (క్రీ.శ. 873) మరణించాడు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) మరణించింది హిజ్రీ 256లో. ఇద్దరూ ఒకే కాలంవారు. ఒకరు దైవప్రవక్త (స) హదీసుల కోసం నగరాలు తిరుగుతుంటే, మరొకరు వైద్య గ్రంథాల ప్రతుల కోసం నగరాలు తిరిగారు. హదీసు విద్యార్థి తాను రాసుకున్న నకలును గురువు మూలప్రతితో సరిచూసుకోవాలి. దీనినే ముఖాబలా అంటారు. ఒక్కో హదీసు చివర చిన్న వృత్తం గీసి ఉంచేవారు. సరిచూడటం పూర్తయ్యాక ఆ వృత్తంలో చుక్క పెట్టేవారు. చుక్క లేని వృత్తం కనిపిస్తే ఆ హదీసు ఇంకా సరిచూడబడలేదని అర్థం. నేటికీ పాత చేతిరాత ప్రతులలో ఈ చుక్కలు కనిపిస్తాయి. ఆ సమాజంలో ప్రతిని నమ్మే ముందు పరీక్షించడం చదువులో భాగమై ఉండేది.

బాగ్దాదు నుంచి ఈ విద్య పశ్చిమానికి రెండు దారులలో వెళ్లింది. పదకొండో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా నుంచి ఇటలీ చేరిన కాన్‌స్టంటైన్ అనే అనువాదకుడు మోంతె కసీనో క్రైస్తవ మఠంలో కూర్చుని అరబ్బీ వైద్య గ్రంథాలను లాటిన్‌లోకి మార్చాడు. పన్నెండో శతాబ్దంలో క్రెమోనాకు చెందిన జెరార్డ్ స్పెయిన్‌లోని తులైతులాలో, అంటే టొలెడోలో, ఇబ్నె సీనా ‘అల్ ఖానూన్’ను లాటిన్ చేశాడు. హునైన్ ప్రశ్నోత్తరాల రూపంలో రాసిన వైద్య ప్రవేశిక లాటిన్‌లో సంక్షిప్తమై, ‘యొహానీషియస్’ పేరుతో ఐరోపా వైద్య విద్యార్థి తెరిచే మొదటి పాఠమైంది. ఆ లాటిన్ పేరు వెనుక ఉన్నది బాగ్దాదు హునైనేనని ఎంతమంది విద్యార్థులకు తెలిసి ఉంటుంది?

జర్మనీలో గుటెన్‌బర్గ్ అచ్చు యంత్రం పని మొదలుపెట్టిన కొద్దికాలానికే వైద్య గ్రంథాలు కూడా అచ్చుకెక్కాయి. తొలి వరుసలో వచ్చినవి అరబ్బుల గ్రంథాలే కావడం గమనార్హం. ఖానూన్ లాటిన్ అనువాదం 1473 నాటికే ఇటలీలో అచ్చయింది. హునైన్ ప్రవేశిక చేరిన పాఠ్య సంకలనం 1476 ప్రాంతంలో పాదువాలో వెలువడింది. జాలీనూస్ గ్రంథాల లాటిన్ సంపుటి 1490లో వెనిస్‌లో వచ్చింది. అందులో ఉన్నవి మధ్యయుగాల నాటి పాత అనువాదాలు. వాటిలో అరబ్బీ మీదుగా వచ్చినవి అనేకం.

ఈలోగా ఇటలీలో గ్రీకు చదువు మళ్లీ మొలకెత్తింది. 1453లో సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ కాన్‌స్టాంటినోపుల్‌ను జయించడానికి ముందూ, తరువాతా అనేకమంది గ్రీకు పండితులు తమ పుస్తకాలతో ఇటలీ చేరారు. బెస్సారియన్ అనే కార్డినల్ 1468లో తన గ్రీకు ప్రతుల భాండారాన్ని వెనిస్ నగరానికి దానం చేశాడు. గ్రీకు నేర్చిన కొత్త తరం వైద్యులు పాత లాటిన్ అనువాదాలను మూలంతో పోల్చి చూశారు. చూసి నిర్ఘాంతపోయారు.

వారి విమర్శలో నిజం ఉంది, దానిని ఒప్పుకోవాలి. గ్రీకు నుంచి సిరియాక్‌కు, అక్కడి నుంచి అరబ్బీకి, అరబ్బీ నుంచి లాటిన్‌కు నాలుగు భాషలు దాటి వచ్చిన వాక్యం ఎంతో కొంత మారకుండా ఉండదు. జెరార్డ్ వంటివారు అర్థం కాని అరబ్బీ పదాన్ని అలాగే లాటిన్ అక్షరాలలో రాసి వదిలేశారు. మూలికల పేర్ల విషయంలో ఇది ప్రాణాంతకం. ఫెరారా నగరంలో వైద్యం బోధించిన నికొలొ లియోనిచేనో 1492లో ప్రాచీన రోము రచయిత ప్లినీ చేసిన పొరపాట్ల మీద ఒక పుస్తకం ప్రకటించాడు. గోడకు పాకే ఐవీ తీగను గ్రీకులో కిస్సోస్ అంటారు. కిస్థోస్ అనేది పూలు పూసే ఒక పొద పేరు. ఈ రెండింటినీ ప్లినీ కలిపేశాడని ఆయన చూపించాడు. ఒక్క అక్షరం తేడాతో మందు మారిపోతుంది. అరబ్బు వైద్యుల గ్రంథాలలోనూ ఇటువంటి గందరగోళాలు ఉన్నాయని లియోనిచేనో ఆరోపించాడు. అయితే ఇక్కడ ఆయన న్యాయాన్ని గమనించాలి: ఆయన మొదట పట్టుకున్నది తన సొంత లాటిన్ సంప్రదాయంలోని పెద్దమనిషినే.

గ్రీకు మూలాలను అచ్చువేయడం సులభమైన పని కాదు. గ్రీకు అక్షరాలకు పైన ఉచ్చారణ గుర్తులు ఉంటాయి. వాటన్నిటికీ సీసపు అచ్చులు పోత పోయాలి, తప్పు లేకుండా పేర్చగలిగిన పనివారు కావాలి. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ముద్రణాలయం ఈ పనికి పేరు పొందింది. ఆల్డస్ 1515లో మరణించాక ఆయన మామగారు ఆ పనిని కొనసాగించాడు. 1525లో ఆ ముద్రణాలయం నుంచి జాలీనూస్ గ్రంథాలు గ్రీకులో ఐదు పెద్ద సంపుటాలుగా వెలువడ్డాయి. వందకు పైబడిన గ్రంథాలు ఒక్కసారిగా అచ్చుకెక్కాయి. సరిచూసినవారిలో జాన్ క్లెమెంట్, థామస్ లప్‌సెట్ వంటి ఇంగ్లండు యువకులు ఉన్నారు. క్లెమెంట్ అంతకుముందు థామస్ మోర్ ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పినవాడు. మరుసటి ఏడు అదే ముద్రణాలయం హిపోక్రటీస్ గ్రంథాలనూ గ్రీకులో తెచ్చింది.

అంత శ్రమపడి తెచ్చిన జాలీనూస్ సంపుటాలలో అచ్చుతప్పులు దండిగా దొర్లాయి. ఆ కాలపు మహాపండితుడు ఇరాస్మస్ అవి చూసి చాలా విచారించాడు. మూత్రపిండాల రాళ్లతో బాధపడే ఆయనకు వైద్య గ్రంథాల మీద ఆసక్తి సహజం. 1526లో తానే జాలీనూస్ చిన్న రచనలు మూడింటిని లాటిన్ చేసి బాసెల్‌లో అచ్చువేయించాడు.

గ్రీకు సంపుటాలు కొన్నా చదవగలిగిన వైద్యులు తక్కువ. ఊరి వైద్యుడి చేతికి చేరినది లాటిన్ అనువాదమే. ఇంగ్లండుకు చెందిన థామస్ లినాకర్ ఇటలీలో గ్రీకు నేర్చి, పాదువాలో వైద్య పట్టా పొంది, జాలీనూస్ గ్రంథాలను సొగసైన లాటిన్‌లోకి తెచ్చాడు. ఆరోగ్య రక్షణ మీద గ్రంథం 1517లో, చికిత్సా పద్ధతి మీద గ్రంథం 1519లో పారిస్‌లో అచ్చయ్యాయి. దేహ తత్వాల మీద గ్రంథం, అంటే మనం మిజాజ్ అనుకునే విషయం, 1521లో కేంబ్రిడ్జిలో అచ్చయింది. లండన్‌లో వైద్యుల కళాశాల 1518లో ఆయన చొరవతోనే ఏర్పడింది. హిపోక్రటీస్ గ్రంథాలన్నిటి లాటిన్ అనువాదాన్ని ఫాబియో కాల్వో 1525లో రోములో ప్రకటించాడు. 1546లో బాసెల్‌లో యానస్ కార్నేరియస్ అనువాదం వచ్చింది. ఆ పదహారో శతాబ్దంలో జాలీనూస్ పేరిట ఐదు వందలకు పైగా ముద్రణలు వెలువడ్డాయని లెక్కలు కట్టినవారు చెబుతారు.

ఉత్సాహం హద్దు దాటి ద్వేషంగా మారింది కూడా ఆ కాలంలోనే. జర్మనీకి చెందిన లియొన్‌హార్ట్ ఫుక్స్ 1530లో తన కాలపు వైద్యులు చేస్తున్న అరవై పొరపాట్లంటూ ఒక పుస్తకం రాశాడు. అరబ్బులను అనుసరించడమే ఆ పొరపాట్లకు మూలమని ఆయన ధోరణి. మూలికల శాస్త్రంలో ఫుక్స్ నిజంగా పెద్దవాడు. కానీ ఈ విషయంలో ఆయన మాటలలో పరిశీలన కంటే కోపమే ఎక్కువ కనిపిస్తుంది. అదే సంవత్సరం స్ట్రాస్‌బర్గ్ వైపు నుంచి లొరెంజ్ ఫ్రీస్ అనే వైద్యుడు ఇబ్నె సీనాను సమర్థిస్తూ పుస్తకం ప్రకటించాడు. ఫ్రీస్ వంటివారు కొద్దిమందే. అయినా విశ్వవిద్యాలయాలు ఖానూన్‌ను వదలలేదు. పాదువాలో పదిహేడో శతాబ్దమంతా దాని పాఠం సాగుతూనే ఉంది. అంత క్రమబద్ధంగా వైద్యశాస్త్రాన్నంతటినీ ఒక్కచోట చెప్పిన పాఠ్యగ్రంథం గ్రీకులో వారికి దొరకలేదు.

అరబ్బీ అనువాదాలు తప్పుల తడకలని వాదించినవారిలో దాదాపు ఎవరికీ అరబ్బీ రాదు. ఆ కాలపు చరిత్రలో నాకు అన్నిటికంటే వింతగా తోచేది ఇదే. లాటిన్ ఖానూన్‌లో కనిపించిన ప్రతి వికారాన్నీ ఇబ్నె సీనా తలమీద వేశారు. అది అనువాదకుడి లోపమా, నకలు రాసినవాడి లోపమా, గ్రంథకర్త లోపమా అని అడిగి చూడాలన్న ఆలోచన వారికి రాలేదు. మూలానికి వెళ్లాలన్న వారి సూత్రం గ్రీకు దగ్గరే ఆగిపోయింది.

ఆ సూత్రాన్ని చివరిదాకా పాటించినవాడు ఒకడు ఉన్నాడు. ఇటలీలోని బెల్లూనో పట్టణానికి చెందిన ఆండ్రియా అల్పాగో. దమిష్కులోని వెనిస్ రాయబార కార్యాలయానికి వైద్యుడిగా వెళ్లి సుమారు ముప్పై ఏళ్లు అక్కడే ఉన్నాడు. అరబ్బీ నేర్చుకున్నాడు. షమ్సుద్దీన్ ఇబ్నె మక్కీ అనే ముస్లిం వైద్యుడికి శిష్యుడై, ఆయన ముందు కూర్చుని ఇబ్నె సీనా గ్రంథం చదివాడు. జెరార్డ్ అనువాదాన్ని అరబ్బీ ప్రతులతో పోల్చి దిద్దాడు, అర్థం కాని అరబ్బీ పదాలకు పదకోశం తయారు చేశాడు. తన పనిని అచ్చులో చూసుకోకుండానే మరణించాడు. ఆయన సోదరుడి కుమారుడు పావొలో శ్రమతో అది 1527లో వెనిస్‌లో వెలువడింది. జాలీనూస్ గ్రీకు సంపుటాలు వచ్చిన రెండేళ్లకే అదే నగరంలో ఇదీ వచ్చిందన్నమాట. క్రైస్తవుడైన హునైన్‌ను ముస్లిం ఖలీఫాలు గౌరవించిన ఏడు శతాబ్దాల తరువాత ఒక ముస్లిం హకీము ఇటలీ క్రైస్తవుడికి వైద్య పాఠం చెప్పాడు.

ఇక గ్రీకు ఊట విషయానికి వద్దాం. జాలీనూస్ శరీర నిర్మాణం మీద రాసిన ప్రధాన గ్రంథంలో పదిహేను భాగాలున్నాయి. జంతువుల శరీరాలను ఏ అవయవం దగ్గర ఎలా కోసి పరిశీలించాలో అందులో చెప్పాడు. పారిస్‌లో గుంటర్ అనే అధ్యాపకుడు దానిని లాటిన్ చేసి 1531లో అచ్చువేయించాడు. అనువాదం తొమ్మిదో భాగం మధ్యలో ఆగిపోయింది, ఎందుకంటే గ్రీకు ప్రతి అక్కడితో ఆగిపోయింది. మెదడు వర్ణనలో మిగిలినది, కన్ను, నాలుక, స్వరపేటిక, గర్భాశయం, రక్తనాళాలు, మెదడు నుంచీ వెన్ను నుంచీ బయలుదేరే నరాలు, ఇవన్నీ గ్రీకులో నశించిపోయాయి. అవి పూర్తిగా మిగిలి ఉన్నది హునైన్ బృందం చేసిన అరబ్బీ అనువాదంలోనే. జర్మన్ పండితుడు మాక్స్ సైమన్ ఆ అరబ్బీ పాఠాన్ని 1906లో లైప్‌జిగ్‌లో ప్రకటించాడు. గుంటర్ కాలంలో ఎవరైనా అరబ్బీ ప్రతుల వైపు చూసి ఉంటే ఆ ఆరున్నర భాగాలు ఐరోపాకు మూడున్నర శతాబ్దాల ముందే దక్కేవి.

గుంటర్ శిష్యులలో ఒకడు ఆండ్రియాస్ వెసాలియస్. నేటి బెల్జియం దేశపు యువకుడు. అతని పేరు వినగానే ఆధునిక శరీర నిర్మాణ శాస్త్రమే గుర్తుకు వస్తుంది. కానీ ఇరవై రెండో ఏట, 1537లో, అతని మొదటి పుస్తకం అచ్చయినప్పుడు దాని విషయం మన అబూ బక్ర్ జకరియ్యా రాజీ రాసిన ‘కితాబుల్ మన్సూరీ’లోని తొమ్మిదో అధ్యాయం. దానికి మెరుగైన లాటిన్‌లో వెసాలియస్ చేసిన పునఃకథనం అది. తరువాత వెనిస్‌లో జూంటా ముద్రణాలయం 1541-42లో జాలీనూస్ సమగ్ర లాటిన్ సంపుటాలు తెచ్చినప్పుడు శరీర నిర్మాణ భాగాలను సరిదిద్దే పని అతనికి అప్పగించారు. ఆ పని చేస్తూనే అతను పాదువాలో మానవ శవాలను కోసి పాఠం చెబుతున్నాడు. ఒక చేతిలో సరిదిద్దిన జాలీనూస్ వాక్యం, మరో చేతిలో అసలు ఎముక. రెండూ కలవలేదు. జాలీనూస్ చూసినవి కోతుల, పందుల, ఎద్దుల శరీరాలని అతనికి అర్థమైంది. 1543లో బాసెల్‌లో అచ్చయిన అతని మహాగ్రంథం జాలీనూస్ పొరపాట్లను రెండు వందలకు పైగా చూపింది.

నకలు రాసినవారి తప్పులన్నీ తీసేశాక జాలీనూస్ సొంత తప్పులు బయటపడ్డాయి. గ్రంథం శుద్ధమైనంత మాత్రాన గ్రంథకర్త నిర్దోషి కాడు. ఐరోపాకు ఈ సంగతి అచ్చు పుస్తకాల ద్వారా తెలిసింది. మన వైద్యులకు అది ముందే తెలుసు.

రాజీ హిజ్రీ మూడో శతాబ్దపు చివర ‘జాలీనూస్ మీద సందేహాలు’ అనే గ్రంథం రాశారు. తనకు ఇంతటి మేలు చేసిన గురువును ఎదిరించవలసి రావడం బాధగానే ఉందనీ, అయినా జ్ఞానమార్గంలో గుడ్డి అనుసరణకు చోటు లేదనీ దాని ముందుమాటలో వినయంగా చెప్పుకున్నారు. తరువాత మూడు శతాబ్దాలకు అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ ఈజిప్టులో ఉండగా అక్కడ ఘోరమైన కరవు వచ్చింది. కైరో దగ్గర మఖ్స్ అనే చోట చనిపోయినవారి ఎముకలు గుట్టలుగా పడి ఉన్నాయని విని ఆయన వెళ్లి చూశారు. కింది దవడ రెండు ఎముకల అతుకని జాలీనూస్ రాశాడు. బగ్దాదీ రెండు వేలకు పైగా పుర్రెలు పరీక్షించారు. ఒక్కదానిలోనూ అతుకు కనిపించలేదు, దవడ ఒకటే ఎముక. జాలీనూస్ ఎంత గొప్పవాడైనా కళ్లు చెప్పే సాక్ష్యమే ఆయనకంటే నమ్మదగినదని రాశారు. వెసాలియస్ ఇదే దవడ గురించి ఇదే మాట చెప్పడానికి ఇంకా మూడు వందల నలభై ఏళ్లు పట్టింది. హిజ్రీ 687లో (క్రీ.శ. 1288) కైరోలో మరణించిన ఇబ్నె నఫీస్, గుండె గదుల మధ్య గోడలో కనిపించని రంధ్రాలున్నాయన్న జాలీనూస్ మాటను తోసిపుచ్చి, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ గదికి చేరుతుందని రాశారు. ఆయన రాత ప్రతిని 1924లో బెర్లిన్ గ్రంథాలయంలో గుర్తించింది ముహ్యిద్దీన్ తతావీ అనే ఈజిప్టు వైద్యుడు.

దైవవాణి తప్ప మరే రచనా పొరపాటుకు అతీతం కాదన్న విశ్వాసంలో పెరిగినవారికి ఈ ధైర్యం రావడంలో ఆశ్చర్యం లేదు. ఇమాముల మాటకైనా ఆధారం అడిగే విద్యలో తర్ఫీదు పొందినవారు జాలీనూస్‌ను అడగకుండా ఉంటారా?

అయితే మన సభలలో కొందరు వక్తలు ఇక్కడినుంచి మరో మెట్టు ఎక్కుతారు. ఐరోపావారు అన్నీ మన పుస్తకాల నుంచే దొంగిలించారని చప్పట్ల మధ్య ప్రకటిస్తారు. ఇబ్నె నఫీస్ మాట ఐరోపా వైద్యులకు చేరి వారు తమదిగా చెప్పుకున్నారని రుజువు చేసే ఆధారం ఇప్పటివరకు బయటపడలేదు. ఇస్నాద్ లేని మాటను హదీసు పాఠంలో తిరస్కరించి, అదే రోజు సాయంత్రం వేదిక మీద ఆమోదించడం విద్యావంతులకు తగదు. పైగా గ్రీకు వైద్యులకు మనం పడిన రుణాన్ని ‘యూనానీ’ అన్న పేరుతోనే ఒప్పుకున్నవాళ్లం. ఐరోపా వారికి నిరాకరణ తగని పని అయితే మనకూ తగదు.

చప్పట్ల మధ్య వినిపించని సంగతి ఇంకొకటి ఉంది. ఇబ్నె సీనా ఖానూన్ అరబ్బీ మూలాన్ని 1593లోనే రోములో, మెడీచీ వంశీకుల ముద్రణాలయంలో, చక్కని అరబ్బీ అక్షరాలతో అచ్చువేశారు. ఇస్తాంబుల్‌లో ఇబ్రాహీం ముతఫర్రిఖా అచ్చు యంత్రానికి సుల్తాన్ అనుమతి లభించింది 1727లో. కైరోలోని బూలాఖ్ ముద్రణాలయం నుంచి ఖానూన్ వెలువడింది 1877లో. మన లేఖకుల చేతిరాత ఎంత అందమైనదైనా, వెనిస్‌లో ఐదు సంపుటాలు ఒక్కసారిగా వందల ప్రతులై దేశదేశాలకు వెళుతున్నప్పుడు మన దగ్గర ఒక్కో ప్రతి ఒక్కో భాండారంలో బీరువా పట్టి ఉండిపోయింది. బగ్దాదీ పరిశీలన, ఇబ్నె నఫీస్ వివరణ తరువాతి తరాల వైద్య విద్యార్థులందరికీ చేరకపోవడానికి ఇది ముఖ్యమైన కారణమని నా అభిప్రాయం.

మన రాజధాని నగరానికి ఈ చరిత్రలో ఒక స్థానం ఉంది. రాజీ జీవితమంతా రాసుకున్న వైద్య గమనికలను ఆయన మరణానంతరం సేకరించి ఒక మహాగ్రంథంగా కూర్చారు. దాని పేరు ‘అల్ హావీ’. ఒక్కో వ్యాధి దగ్గర గ్రీకు, సిరియాక్, భారతీయ, అరబ్బు వైద్యులు ఏమన్నారో వారి పేర్లతో సహా ఉదహరించి, చివర తన అనుభవాన్ని విడిగా రాసుకోవడం ఆయన పద్ధతి. గ్రీకులో మూలం నశించిన మాటలు కొన్ని ఈ ఉదాహరణలలోనే బతికి ఉన్నాయి. సిసిలీ ద్వీపానికి చెందిన ఫరజ్ బిన్ సాలిమ్ అనే యూదు పండితుడు 1279లో దీనిని లాటిన్ చేశాడు. ఆ లాటిన్ అనువాదం 1486లో ఇటలీలోని బ్రెషియాలో అచ్చయింది. ఆ శతాబ్దంలో అచ్చయిన అతి బరువైన పుస్తకాలలో అదొకటి. అరబ్బీ మూలం మాత్రం ఇంకా దాదాపు ఐదు శతాబ్దాలు చేతిరాతలోనే ఉండిపోయింది. దానిని అచ్చుకెక్కించిన సంస్థ 1888లో హైదరాబాదులో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్. స్పెయిన్‌లోని ఎస్కోరియల్ గ్రంథాలయంలో ఉన్న ప్రతి ఆధారంగా, 1955లో మొదటి సంపుటం తెచ్చి, ఇరవై మూడు సంపుటాలలో ఆ పని పూర్తి చేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఆ సంస్థ సంపుటాలలో పుట అడుగున సన్నని అక్షరాలతో పాఠభేదాలు కనిపిస్తాయి: ఈ ప్రతిలో ఇలా ఉంది, ఆ ప్రతిలో అలా ఉంది అని.